భయానక నవలల సచిత్రానుసరణములు: ఔచిత్య విచారము

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండునందు వెలసిన భయానక నవలలును, వైజ్ఞానిక కల్పనా నవలలును నేటి పాఠకులలో పెక్కుమందికి మూలగ్రంథముల ద్వారమున పరిచితములైనవి కావు. సచిత్ర ముద్రణములు, చిత్రకథలు, చలనచిత్రములు వానిని ముందుగా పరిచయము చేయుచున్నవి. ఫ్రాంకెన్‌స్టైన్ అను పేరు వినగానే చదరపు నుదురును, మెడకు ఇరుప్రక్కల ఇనుపమేకులును గల ఒక మహాకాయము మనస్సున మెదలును. ఆ పేరు ఆ కాయమునది కాదనియు, దానిని నిర్మించిన యువకునిదనియు, ఆ మేకులు నవలలో ఎచ్చటను లేవనియు ఎరిగినవారు కొలదిమందియే. ఇట్టి స్థితిలో ఈ అనుసరణములను బాలుర వినోదసామగ్రిగా భావించి విమర్శకులు ప్రక్కకు నెట్టివేయుట తగదు. బోధించువారు మూలమును గూర్చి చెప్పబూనునప్పటికే విద్యార్థి మనస్సున ఒక బొమ్మ స్థిరపడియుండును. ఆ బొమ్మ మూలముతో ఏకీభవించుచున్నదా, విభేదించుచున్నదా, విభేదించినచో దేనిని కోల్పోయినది అను విచారమే ఈ వ్యాసమునకు విషయము.

అనుసరణమనగా ఇచ్చట రెండు విధములైన రచనలను గ్రహించుచున్నాను. మూలపాఠమును యథాతథముగా ముద్రించి నడుమ నడుమ చిత్రములను చేర్చిన సచిత్ర ముద్రణములు మొదటి తెగవి. మూలమును సంక్షేపించి, గడులుగా విభజించిన బొమ్మలలోను, పాత్రల నోటివద్ద వ్రాసిన మాటలలోను కథను నడపు చిత్రకథలు రెండవ తెగవి. మొదటిదానిలో చిత్రము వాక్యమునకు తోడు. రెండవదానిలో వాక్యము చిత్రమునకు తోడు. ఈ భేదము పైకి స్వల్పముగా కనబడినను, భయానక కథల విషయమున ఫలితము మిక్కిలి దూరము పోవును.

మన ఆలంకారికుల పరిభాష ఈ విచారమునకు ఎంతయో ఉపకరించును. భరతుడు శృంగార రౌద్ర వీర బీభత్సములను మూలరసములుగా చెప్పి, వానినుండి క్రమముగా హాస్య కరుణ అద్భుత భయానకములు పుట్టునని నిరూపించెను. భయానకమునకు బీభత్సము జనకమేగాని రెండును ఒకటి కావు. బీభత్సమునకు జుగుప్స స్థాయి. భయానకమునకు భయము స్థాయి. వికృతమైన వస్తువును కన్నులయెదుట నిలిపినంతనే జుగుప్స కలుగవచ్చును. భయమునకు మాత్రము అంత చాలదు. భరతుడు చెప్పిన భయానక విభావములలో వికృతధ్వనులు, శూన్యగృహములు, అరణ్యములు కూడ కలవు. శూన్యగృహమున కనబడునది ఏమియు లేదు. కనబడబోవుచున్నదను శంకయే అచ్చట పనిచేయును. కావున చిత్రకారుని యెదుట రెండు మార్గములు ఉండును. వికృతరూపమును, అనగా ఆలంబన విభావమును, చిత్రించుట ఒకటి. ఆ రూపమును చూచినవాని కంపమును, పలాయనమును, అనగా అనుభావమును, చిత్రించుట మరియొకటి. ఏ మార్గమును ఎచ్చట అవలంబించెనను దానినిబట్టి అతడు మూలమును ఎంతవరకు గ్రహించెనో తెలియును.

ఈ దృష్టితో మేరీ షెల్లీ నవలను పరిశీలింతము. 1818లో రచయిత్రి పేరు లేకుండ మూడు సంపుటములుగా ప్రకటితమైన ఈ గ్రంథమున కథనము పెట్టెలో పెట్టెవలె అమర్చబడినది. ఉత్తరధ్రువ సముద్రమున ప్రయాణించు వాల్టన్ తన సోదరికి వ్రాసిన లేఖలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పిన కథయు, ఆ కథలో అతడు నిర్మించిన ప్రాణి చెప్పుకొనిన ఆత్మకథయు ఇమిడియున్నవి. గ్రంథమునకు నట్టనడుమ నిలిచినది ఆ ప్రాణి మాట. అది మూగది కాదు. ఒక పల్లెకుటుంబమును గోడసందునుండి చూచుచు భాష నేర్చినది. మిల్టన్ కావ్యమును, ప్లూటార్కు రచించిన జీవితచరిత్రములను, గేటే నవలను చదివినది. తన్ను సృజించినవానితో వాదించి, న్యాయమడిగి, తోడుగా ఒక స్త్రీని నిర్మించి యిమ్మని కోరినది. ఇంగ్లీషు నవలాసాహిత్యమున ఇంతటి వాదపటిమ గల పాత్రలు అరుదు.

ఇచ్చట ఒక విశేషమును పాఠకులు గమనింపవలెను. చూచుటకును వినుటకును గల వైరుధ్యము ఈ నవలలో పలుమారులు వచ్చుచున్నది. పల్లెకుటుంబమున ఆ ప్రాణి మాటను దయతో విన్నవాడు అంధుడైన వృద్ధుడు డి లేసీ ఒక్కడే. చూపుగలవారు ఇంటికి తిరిగిరాగానే దానిని కొట్టి తరిమిరి. బాలుడైన విలియం దానిని చూచినంతనే చేతులతో కన్నులు మూసికొనెను. మంచుగుట్టలపై విక్టర్ దాని రూపమును సహింపలేనని పలుకగా అది తన చేతులతో అతని కన్నులు కప్పి, ఇక చూడకుండ వినవచ్చునని వేడుకొనెను. కథాంతమున వాల్టన్ కూడ దానియెదుట అప్రయత్నముగా కన్నులు మూసికొని, ఆ పిమ్మటనే దాని మాట వినగలిగెను. ఇన్ని సన్నివేశములు యాదృచ్ఛికములని తోచదు. రూపమును చూచినవారెవ్వరును దాని మాట వినలేదు. రూపము మరుగుపడినచోటనే దానికి శ్రోత దొరికెను. పాఠకుడు కూడ ఆ అంధవృద్ధుని స్థానముననే ఉన్నాడు. అక్షరములలో రూపము కానరాదు గనుక ఆరు అధ్యాయముల పొడవున అతడు ఆ ప్రాణి గోడును వినగలిగినాడు.

కావున ఈ నవలకు బొమ్మ వేయుటయే ఒక సాహసము. బొమ్మ పాఠకుని అంధత్వమును తొలగించును. అట్లు తొలగించిన పిమ్మటను అతడు వినునట్లు చేయగలుగుటలోనే చిత్రకారుని పరీక్ష యున్నది. రచయిత్రి చేసిన రూపవర్ణన కూడ బహు సంక్షిప్తము. సుమారు 8 అడుగుల పొడవు, పసుపువన్నె చర్మము, నిగనిగలాడు నల్లని జుట్టు, తెల్లని పలువరుస, నీరుగారు కన్నులు, నల్లని పెదవులు. అవయవములను విక్టర్ అందమైనవిగానే ఎంచి కూర్చెను. కూడికలో మాత్రము వైకృతము పుట్టెను. విడివిడిగా సుందరములైనవి కలిసి భయంకరములగుట చిత్రకారునకు కఠినమైన సమస్య.

ఈ నవలకు తొలి ప్రసిద్ధ చిత్రము 1831 ముద్రణమున కలదు. మేరీ షెల్లీ సవరించి, పీఠిక వ్రాసి ప్రకటించిన ఆ ప్రతికి థియోడర్ వాన్ హోల్స్ట్ గ్రంథారంభచిత్రమును రచించెను. అందు నేలపై కూలబడియున్న ప్రాణి దిగ్భ్రాంతితో తన దేహమును తానే తెలిసికొనుచున్నట్లుండును. విక్టర్ ద్వారమువద్ద పారిపోవుచుండును. ఆ ప్రాణి రూపము పూర్ణమానవుని పోలినది. కండలు తిరిగిన దేహమేగాని వికృతాకారము కాదు. భయము ద్వారమువద్ద నున్నవాని ముఖమున, అడుగుల తడబాటున కలదు. అనగా చిత్రకారుడు అనుభావమును భయానకముగాను, ఆలంబనమును దాదాపు కరుణముగాను చిత్రించెను. తొలి అపరాధము పుట్టినదానిదా, పారిపోయినవానిదా అను నవలాప్రశ్న ఆ ఒక్క పుటలోనే ఇమిడినది.

ఇరువదవ శతాబ్దమున ఈ తూనిక చెదరినది. 1931లో జేమ్స్ వేల్ దర్శకత్వమున వెలువడిన చలనచిత్రమున బోరిస్ కార్లాఫ్ ధరించిన వేషము లోకప్రసిద్ధమైనది. ముఖాలంకారమును జాక్ పియర్స్ కల్పించెను. ఆ చిత్రమున ప్రాణి మూగది. అంతేగాక దాని తలలో నేరగాని మెదడు చేర్చబడినదను కల్పన చేయబడినది. మూలమున సంఘతిరస్కారముచే కలిగిన క్రౌర్యము ఇచ్చట పుట్టుకతోనే వచ్చినదైనది. కార్లాఫ్ నటనలో దైన్యము లేకపోలేదు. కాని వాదించు శక్తిని తీసివేసి దైన్యమును మాత్రము మిగుల్చుట పాత్రను తగ్గించుటయే. తరువాతి బొమ్మల కథలపై ఈ రూపము నీడ దీర్ఘముగా పడినది.

అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ 1941లో ప్రారంభించి, 1947లో క్లాసిక్స్ ఇల్లస్ట్రేటెడ్ అని పేరు మార్చిన చిత్రకథామాలలో ఫ్రాంకెన్‌స్టైన్ 1945లో 26వ సంచికగా వెలువడెను. రూత్ రోష్ కథను సంక్షేపింపగా, రాబర్ట్ వెబ్, ఆన్ బ్రూస్టర్ బొమ్మలు వేసిరి. ఈ మాలకు ఒక సుగుణము కలదు. చలనచిత్రకథను గాక నవలాకథను అనుసరించుట దాని నియమము. మూలగ్రంథమును చదువుడని పాఠకులను హెచ్చరించుట దాని ఆచారము. అయినను ఇరుకు పుటలలో నవలను కుదించునపుడు మొదట బలియగునది సంభాషణము, అందును దీర్ఘోపన్యాసము. సంఘటనలు మిగులును, వాదము మిగులదు. ఫ్రాంకెన్‌స్టైన్ వంటి నవలలో వాదమే ప్రాణము గనుక, సంఘటనలన్నియు క్రమము తప్పక నిలిచినను అర్థము మారిపోవును. ఇది సంక్షేపకర్తల అసమర్థతకన్న రూపపరిమితివలన వచ్చిన చిక్కు.

ఇంకొక చిక్కు సూక్ష్మతరమైనది. ఆ ప్రాణి తన కథను తాను చెప్పుచుండగా చిత్రకథ ప్రతి గడిలోను దానిని బయటినుండి చూపును. మాట దానిది, చూపు పరులది. నవల ఎంతో శ్రమించి తప్పించిన పరుల చూపు ఇచ్చట మరల వచ్చి చేరుచున్నది. దీనికి పరిహారము లేకపోలేదు. గోడసందునుండి కనబడిన కుటుంబమును, పొయ్యిలోని నిప్పును, వృద్ధుని వాద్యమును ఆ ప్రాణి కన్నులతో చూచినట్లు గీసి, దాని రూపమును గడులనుండి తప్పించినచో శ్రవ్యధర్మము దృశ్యమున నిలుచును. నీటిమడుగులో అది తన్ను తాను తొలిసారి చూచుకొను ఘట్టమువరకు పాఠకునకు ఆ ముఖము కానరాకుండ ఉంచుట చిత్రకథకు అసాధ్యము కాదు.

సచిత్ర ముద్రణములలో రెండు ముఖ్యముగా పేర్కొనదగినవి. 1934లో లిండ్ వార్డ్ కొయ్యచెక్కడపు బొమ్మలతో అలంకరించిన ప్రతి మొదటిది. 1929లోనే మాటలు లేని నవలను కేవలము చెక్కడపు బొమ్మలతో రచించిన ఈ శిల్పి, చలనచిత్రమునకు మూడేండ్ల తరువాతనే పనిచేసియు దాని రూపమునకు లొంగలేదు. మెలికలు తిరిగిన మహాదేహమున బాధను వ్యక్తము చేసెను. నలుపు తెలుపుల పోరాటముచే ముఖవైకృతమును చాలవరకు చీకటికి విడిచెను. రెండవది బెర్నీ రైట్‌సన్ సుమారు ఏడేండ్లు కృషిచేసి కలము సిరాలతో గీయగా 1983లో వెలువడిన ప్రతి. ఇందలి ప్రాణి ముఖము నిస్సంశయముగా బీభత్సము. ఆ ముఖమునందలి కన్నులు మాత్రము ఆలోచించు మనుజుని కన్నులు. మూలపాఠము ప్రక్కనే యుండుటచే పాఠకుడు జుగుప్సను దాటి మాటను వినవలసియుండును. చూచిన పిమ్మట కూడ వినుట అను కఠినపరీక్షను ఈ ముద్రణము పాఠకునకే పెట్టుచున్నది. రైట్‌సన్ బొమ్మలను పాఠమునుండి వేరుచేసి చూచువారు అతని నైపుణ్యమును మెచ్చుకొందురేగాని ఈ పరీక్షను ఎరుగరు.

ఈ సమస్య ఒక్క నవలకే పరిమితము కాదు. 1886లో వెలువడిన స్టీవెన్‌సన్ రచన డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్ కథలో హైడును చూచినవారందరును అతని యందేదో వైకల్యమున్నదని చెప్పుదురు. అది ఏదో ఒక్కరును చెప్పలేరు. చెప్పలేకపోవుటయే అచ్చటి ధ్వని. ఆనందవర్ధనుని పరిభాషలో చెప్పవలెనన్న వాచ్యముచేసినచో నశించు అర్థమిది. కోరలును, గోళ్లును గల రాక్షసునిగా హైడును చిత్రించిన క్షణమున అతడు పాఠకునకు పరాయివాడై, మర్యాదస్థులందరిలోను దాగియుండు దోషమునకు సంకేతము కాకపోవును. కథను కాలక్రమమున చెప్పి రహస్యమును ముందుగానే వెల్లడించు అనుసరణము రెండవ నష్టమును కూర్చును. మూలమున ఇరువురును ఒక్కరేయను సత్యము చివరి పత్రములవరకు మరుగుననుండును. 2002లో లొరెంజో మాటొట్టి, జెర్రీ క్రామ్‌స్కీతో కలిసి రచించిన చిత్రకథ ఈ చిక్కును వేరొక దారిని విప్పినది. అందు హైడునకు స్థిరమైన ముఖము లేదనవచ్చును; రంగులు, రేఖలు వంగి కరగుచు అతని రూపమును గడిగడికిని మార్చుచుండును. వర్ణింపరానిదానిని దాచుటకు మారుగా నిలువనీయకుండ చేసిన ఉపాయమిది. మాట చెప్పలేకపోయినదానిని చూపు పట్టుకొనలేకపోవుట సమానధర్మము గనుక దీనిని ఉత్తమానుసరణముగా గణింపవచ్చును.

వైజ్ఞానిక కల్పనల విషయమున రచయితయే చిత్రకారునితో కలహించిన ఉదాహరణము కలదు. హెచ్.జి. వెల్స్ రచించిన అంగారకవాసుల దండయాత్ర కథ 1897లో పియర్సన్స్ పత్రికయందు వార్విక్ గోబుల్ బొమ్మలతో ధారావాహికగా వచ్చెను. ఇతడే తరువాత 1912లో లాల్ బిహారీ డే వంగదేశపు జానపద కథలకు చిత్రములు రచించెను. 1898లో కథను గ్రంథముగా ప్రకటించునపుడు వెల్స్ ఒక ఘట్టమును చేర్చెను. అందు కథకుడు, యుద్ధయంత్రములను బిగుసుకొనిపోయిన ముక్కాలిపీటలవలె చూపిన ఒక చిత్రకారుని తప్పుపట్టి, ఆ బొమ్మలకును నిజయంత్రములకును కొయ్యబొమ్మకును మనుజునకును గల వ్యత్యాసమున్నదని ఆక్షేపించును. ఆక్షేపణ వైకృతము తగ్గినందుకు వచ్చినది కాదు. చలనము లోపించినందుకు వచ్చినది. యంత్రము జీవివలె కదలుటయే ఆ నవలలోని అద్భుతమునకును భయమునకును మూలము. బ్రెజిలులో జన్మించి బెల్జియమున నివసించిన ఆల్విమ్ కొర్రేయా, 1906లో 500 ప్రతులుగా వెలువడిన ఫ్రెంచి అనువాదమునకు రచించిన చిత్రములు ఈ లోపమును తీర్చినవి. వెల్స్ వానిని మెచ్చెను. అచ్చటి యంత్రములు కన్నులుగల పశువులవలె ఇండ్లపైకి వంగి వెదకుచుండును; మనుజులు వాని కాళ్లక్రింద అల్పరేఖలుగా చెదరుచుందురు. నిశ్చలచిత్రమున గతిని వ్యంజింపజేయుట సాధ్యమేయని ఇది నిరూపించుచున్నది.

అనుసరణముల గౌరవము ప్రభుత్వ, సంఘ నిర్ణయములపై కూడ ఆధారపడినది. 1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ చిత్రకథలు బాలురను చెరచుచున్నవని గ్రంథము ప్రకటింపగా, అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ఆ సంవత్సరముననే ప్రచురణకర్తలు స్వయముగా ఒక నియమావళిని విధించుకొనిరి. రక్తపిశాచములు, నడచు శవములు నిషిద్ధములైనవి. 1971లో ఆ నియమములను సడలించునపుడు ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా మొదలగు పాఠశాలలలో చదువబడు రచనల సంప్రదాయమున చిత్రించినచో పిశాచములు సమ్మతములేయని చేర్చిరి. ఆ వెంటనే 1973లో గ్యారీ ఫ్రీడ్రిక్, మైక్ ప్లూగ్ రచించిన ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రకథ నవలాకథతోనే ఆరంభమయ్యెను. సాహిత్యగౌరవము ఇచ్చట ప్రవేశపత్రముగా ఉపయోగపడినది. ఈ ఉదంతమునుండి అధ్యాపకులు గ్రహింపదగినది ఒకటి కలదు. మూలగ్రంథపు పేరు బొమ్మకు యోగ్యతను కలిగింపదు. వికృతరూపముల సంఖ్యను లెక్కించి నిషేధించిన నియమావళియు, గ్రంథముల పేర్లను చూచి అనుమతించిన నియమావళియు రసౌచిత్యమును విచారింపకపోవుటలో సమానములే.

తెలుగు పాఠకులకు ఈ సూక్ష్మము క్రొత్తది కాదు. చందమామలో బేతాళకథలకు శంకర్ రచించిన చిత్రమును స్మరింపుడు. భుజముపై శవముతో, చేత ఖడ్గముతో విక్రమార్కుడు నడచుచుండును. భయము శవాకృతియందు లేదు; ఆ శవము మాటలాడుటయందును, ఆ మాటకు ప్రత్యుత్తరమీయక తప్పని రాజు స్థితియందును కలదు. తరతరముల పాఠకులు ఆ బొమ్మను చూచి పుటను త్రిప్పి పారిపోలేదు. కథను వినుటకు కూర్చుండిరి. బొమ్మ శ్రవణమునకు ద్వారమగుటకు ఇది మనకు పరిచితమైన నిదర్శనము.

ఆక్షేపకులు ఇట్లనవచ్చును: చిత్రకథ స్వతంత్రకళ, మూలముతో తూచి దానిని నిందించుట న్యాయమా? స్వతంత్రకళయనుట సత్యమే. మాటొట్టి వంటివారు మూలమునకు లోబడి వ్రాయలేదు. కథాస్థలమును, కాలమును మార్చుటకును సంకోచింపలేదు. ఈ వ్యాసమున మూలముతో తూచినది సంఘటనల సామ్యము కొరకు కాదు. మూలము ఏ నైతికప్రశ్నను నిలిపినదో, దానిని అనుసరణము నిలుపుకొనినదా, తేలికచేసినదా అని మాత్రమే తూచితిని. ఫ్రాంకెన్‌స్టైన్ కథలో ప్రశ్న ఇది: రూపము సహింపరానిదైనవాని మొరను సంఘము వినునా? ఆ ప్రాణిని మూగను చేసిన అనుసరణము, ఎంత చక్కని బొమ్మలతో కూడినను, రాళ్లు రువ్విన గ్రామస్థుల పక్షమున తీర్పు చెప్పినట్లగును. ఎనిమిదేండ్ల బాలుడు దానిని చదివి రాక్షసుడు చచ్చెనని సంతసించినచో దోషము ఆ బాలునిది కాదు.

పరిశోధక విద్యార్థులు ఇట్టి రచనలను పరిశీలించునపుడు మూడు అంశములను విచారింపవలెనని నా మనవి. మూలము దాచినదానిని అనుసరణము ఎప్పుడు, ఎంతవరకు చూపినది? భయమును విభావమున నిలిపినదా, అనుభావమున నిలిపినదా? భయంకరుడైన పాత్రకు మూలమున ఎంత మాట కలదో, అనుసరణమున అందెంత మిగిలినది? ఈ మూడవ అంశమును పుటల లెక్కతో కూడ నిర్ణయింపవచ్చును గనుక అది పరిశోధనకు సులభమైన ఆరంభము. తరగతిలో ఫ్రాంకెన్‌స్టైన్ బోధించు అధ్యాపకులు ముందుగా హోల్స్ట్ చిత్రమును విద్యార్థుల ముందుంచి, ఇందు భయపడుచున్నవాడెవడు అని ప్రశ్నించి, పిమ్మట అంధవృద్ధుని ఘట్టమును బిగ్గరగా చదివి వినిపించుట మేలు. తెలుగున వెలువడిన భయానక, వైజ్ఞానిక నవలల సంక్షేపములను, వానితో వచ్చిన బొమ్మలను ఈ పద్ధతిని పరిశీలించు పని ఇంకను మిగిలియున్నది.